ఈపర్ నుంచి సోమ్ దాకా: మొదటి ప్రపంచ యుద్ధ స్మారకాలకు స్కూలు పిల్లల్ని ఎలా తీసుకెళ్లాలి

బెల్జియంలో ఈపర్ పట్టణం, ఫ్రాన్స్ ఉత్తరాన నెవ్ షాపెల్, అరాస్, సోమ్ నది పరిసరాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రణరంగం ఎలాంటిదో పిల్లలకు చూపించడానికి ఈ నాలుగూ చాలు. ఒక కొస నుంచి ఇంకో కొసకు బస్సులో రెండు గంటలు కూడా పట్టదు. అసలు చిక్కు కూడా ఇదే. అన్నీ దగ్గరదగ్గరగా కనిపించేసరికి రోజుకు ఎనిమిది చోట్లు ఇరికించాలనిపిస్తుంది. అలా వేసుకున్న యాత్రలో మూడో సమాధుల తోట దగ్గరికి వచ్చేసరికే పిల్లలు బస్సు దిగరు, దిగినా ఫోన్లలోంచి తలెత్తరు. రోజుకు మూడు చోట్లు, మరీ అయితే నాలుగు. ప్రతి విద్యార్థి చేతిలో ఒక సైనికుడి పేరు. ముందు ఈ రెండూ ఖాయం చేసుకుని, మిగతా ఏర్పాట్లన్నీ వాటి చుట్టూ అల్లుకోండి.

ఈ పద్ధతి 9 నుంచి 12వ తరగతి వరకు, 36 నుంచి 40 మంది విద్యార్థుల బృందానికి సరిపోతుంది. టీచర్లతో కలిపి ఒక పెద్ద కోచ్‌లో ఇబ్బంది లేకుండా పడతారు. అంతకన్నా చిన్న క్లాసుల పిల్లలకు సమాధుల వరసలు చూసి విసుగు పుడుతుంది. దానికి వాళ్లను తప్పుపట్టలేం.

1. నెల, పెద్దల సంఖ్య తేల్చుకోండి

ఏప్రిల్ చివరి నుంచి జూన్ వరకు, లేదంటే సెప్టెంబరు. మే నెలలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, నేల కూడా మరీ బురదగా ఉండదు. యుద్ధం ముగిసిన రోజు కదా అని నవంబరు 11ను ఎంచుకోకండి. ఆ రోజు రెండు దేశాల్లోనూ సెలవు. ఈపర్‌లో జనం కిక్కిరిసి ఉంటారు, మీ పిల్లలకు వీపులు తప్ప ఏమీ కనిపించవు. సోమ్ యుద్ధం మొదలైన జులై 1కీ అటువైపు ఇదే రద్దీ.

ప్రతి పదిమంది పిల్లలకు ఒక పెద్ద, వాళ్లు కాక ఏ గుంపూ అప్పగించని ఒకరు అదనంగా ఉండాలి. అంటే 40 మందికి ఐదుగురు, వాళ్లలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు. ఎవరికైనా జ్వరమొచ్చి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే తోడు వెళ్లేది ఆ ఐదో మనిషే. ఆ ఏర్పాటు లేకపోతే పదిమంది పిల్లల్ని ఇంకొకరికి అంటగట్టాలి, లేదా బస్సు మొత్తం ఆసుపత్రి ముందు ఆగాలి.

2. పాస్‌పోర్టులు: ఏడాది ముందే మొదలుపెట్టండి

పిల్లల పాస్‌పోర్టు మామూలుగా 5 ఏళ్లకే ఇస్తారు. ఆరో తరగతిలో తీయించినది సరిగ్గా యాత్ర వేళకు గడువు దాటిపోతుంది. బెల్జియం, ఫ్రాన్స్ సహా చాలా యూరప్ దేశాలకు ఒకటే చెల్లే షెంజెన్ వీసాకు కావాల్సింది: షెంజెన్ దేశాలు వదిలే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లుబాటు, కనీసం 2 ఖాళీ పేజీలు. యాత్ర ప్రకటించిన వారంలోనే అందరి పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల ఫొటోలు తెప్పించి మీరే చూసుకోండి. "ఉందండీ" అన్న మాటను నమ్మకండి.

తెలుగు పిల్లల కాగితాల్లో అన్నిటికన్నా ఎక్కువ తంటా తెచ్చేది ఇంటిపేరు. స్కూలు రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరికైతే ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి అంతా పేరు గడిలోనే ఉంటుంది. తండ్రి పాస్‌పోర్టులో మరో రకం. స్కూలు ఇచ్చే లేఖ, విమానం టికెట్టు, బీమా పత్రం, వీసా దరఖాస్తు, ఈ నాలుగింటిలోనూ పాస్‌పోర్టులో అచ్చయినట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇందుకోసం ఒక షీటు తయారుచేసి, పాస్‌పోర్టు చూసి ఒకరు టైపు చేస్తే ఇంకొకరు సరిచూడాలి. ట్రావెల్ ఏజెంటుకు ఆ షీటు తప్ప హాజరు పట్టీ ఎప్పుడూ పంపకండి.

3. వీసా

ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రెండు చోట్లా సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ఈ యాత్రలో బెల్జియం, ఫ్రాన్స్ చెరో రెండు రాత్రులకు వచ్చి ఆగుతాయి. సందేహం లేకుండా ఉండాలంటే ఫ్రాన్స్‌లో ఇంకో రాత్రి కలిపి, ఫ్రాన్స్ వీసాకే వెళ్లండి. హోటళ్లు ఖాయమయ్యాక రాత్రులు అటూ ఇటూ మార్చకండి. దరఖాస్తుకు, బుకింగులకు పొంతన కుదరకపోతే ప్రశ్నలు మొదలవుతాయి.

దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందు పడాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, మరిన్ని వివరాలు అడిగితే 45 రోజుల దాకా పట్టొచ్చు. వేసవికి రద్దీ విపరీతం కాబట్టి నాలుగు నెలల ముందే అపాయింట్‌మెంట్లు పట్టుకోండి. 12 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ వేలిముద్రలు ఇవ్వడానికి స్వయంగా వెళ్లాలి. 59 నెలల లోపు షెంజెన్ వీసాకు వేలిముద్రలు ఇచ్చినవాళ్లవి మళ్లీ వాడుకోవచ్చు.

చాలా స్కూళ్లకు తెలియని సంగతి ఒకటుంది. చదువులో భాగంగా వెళ్లే విద్యార్థులకు, వాళ్ల వెంట వెళ్లే టీచర్లకు షెంజెన్ వీసా ఫీజు లేదు. పెద్దలకు ఉన్న 90 యూరోల ఫీజుతో పోల్చి లెక్కేస్తే అది చిన్న మొత్తం కాదు. దరఖాస్తులు తీసుకునే కేంద్రం సర్వీసు చార్జి మాత్రం కట్టాలి. మినహాయింపు రావాలంటే స్కూలు లెటర్‌హెడ్ మీద ఇచ్చే లేఖలో ఇది పాఠ్యాంశానికి సంబంధించిన చదువు యాత్ర అని, విద్యార్థుల, టీచర్ల పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, రోజువారీ కార్యక్రమం స్పష్టంగా ఉండాలి. "విహారయాత్ర" అన్న మాట ఎక్కడా రానివ్వకండి.

18 ఏళ్ల లోపు వాళ్లకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం కావాలి. తండ్రి గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే ఆ సంతకం అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి రావడానికి వారాలు పడుతుంది. అలాంటి కుటుంబాల జాబితా మొదటి నెలలోనే రాసుకోండి. ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. వైద్యం, మృతదేహాన్ని స్వదేశానికి చేర్చడం రెండూ అందులో ఉండాలి.

4. ప్రతి పిల్లకూ ఒక పేరు

యాత్రకు ప్రాణం ఇదే. ప్రయాణానికి రెండు నెలల ముందు మొదలుపెట్టండి.

బ్రిటన్, దాని పాలనలోని దేశాల సైనికుల సమాధుల్ని, స్మారకాల్ని చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో చనిపోయిన సైనికుల రికార్డులు ఉచితంగా వెతకొచ్చు. స్మారకం పేరు, రెజిమెంటు, తేదీ ఇచ్చి వడపోయండి. భారతీయ సిపాయిల రికార్డుల్లో చాలావాటికి తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా ఉంటాయి. విద్యార్థి ఆ ఊరిని మ్యాపులో పట్టుకోగలిగితే చాలు, ఆసక్తి దానంతటదే వస్తుంది. పేర్ల స్పెల్లింగు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నెవ్ షాపెల్ పోరులో 1915 మార్చి 10న చనిపోయి, మరణానంతరం బ్రిటిష్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ పొందిన గబర్ సింగ్ నేగి పేరు గోబర్ సింగ్ అని కూడా కనిపిస్తుంది. ఒక స్పెల్లింగుతో దొరక్కపోతే తేదీ, రెజిమెంటుతో వెతకమనండి.

తెలుగు పేర్లు దొరుకుతాయని పిల్లలకు ఆశ పెట్టకండి. 1914, 15లలో ఫ్రాన్స్‌కు వచ్చిన పటాలాలు ఎక్కువగా పంజాబ్, గఢ్వాల్, వాయవ్య సరిహద్దు, నేపాల్ నుంచి భర్తీ అయినవి. సైన్యంలో ఇంజనీరింగు పనులు చేసే మద్రాసు సాపర్స్ లాంటి దళాలు మెసపొటేమియా (నేటి ఇరాక్) వైపు వెళ్లాయి. దీన్నుంచే తరగతిలో ఒక మంచి చర్చ పుడుతుంది. నెవ్ షాపెల్‌లోని భారతీయ స్మారకంలో సిపాయి పేరు కూడా రాతి మీద చెక్కారు. ఇరాక్‌లోని బస్రా స్మారకంలో మాత్రం భారతీయ అధికారుల పేర్లే చెక్కి, మామూలు సిపాయిల్ని అంకెల్లో లెక్కకట్టి వదిలేశారు. ఇలాంటి తేడా చూపినట్టు కమిషన్ 2021లో తానే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అక్కడలా, ఇక్కడిలా ఎందుకు జరిగిందో వెళ్లేముందే పిల్లల చేత వాదించనివ్వండి.

ప్రతి విద్యార్థికి ఒక అట్ట కార్డు ఇవ్వండి. దాని మీద పేరు, హోదా, నంబరు, రెజిమెంటు, చనిపోయిన తేదీ, ఊరు, స్మారకంలో పానెల్ నంబరు లేదా సమాధి వరస రాయించండి. పానెల్ నంబరు రాయకపోతే అక్కడ వెతుకులాటకే సమయం సరిపోతుంది. స్మారకాల మీద పేర్లు అకారాది క్రమంలో ఉండవు. ముందు రెజిమెంటు, అందులో హోదా, ఆ తర్వాతే అక్షర క్రమం.

5. రోజుల అమరిక: ముందు బస్సు డ్రైవర్ గడియారం చూడండి

యూరప్‌లో కోచ్ డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాల్సిందే. రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు, వారంలో రెండుసార్లు మాత్రం 10 గంటలు. ఈ యాత్రలో దూరాలు తక్కువ కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. ఇరికించేది విశ్రాంతి నియమం. రోజుకు 11 గంటలు ఏకబిగిన విశ్రాంతి ఉండాలి. దాన్ని 9కి తగ్గించుకునే వీలు వారానికి మూడుసార్లే. అంటే ఉదయం 8:30కు బస్సు తీస్తే రాత్రి 9:30కల్లా తాళం వేయాలి. రోజూ రాత్రి పదింటికి హోటల్ చేరి, పొద్దున ఏడుకు బయల్దేరుదామంటే డ్రైవర్ ఒప్పుకోడు. ఆయనేమీ మొండికేయడం లేదు, బండిలోని యంత్రం ప్రతి నిమిషం నమోదు చేస్తుంది.

అందుకే ఈపర్‌లో బస నడిచి వెళ్లగలిగే దూరంలో, ఊరి మధ్యలో తీసుకోండి. సాయంత్రం ఆరుకే బస్సును పంపేసి, జాడ తెలియని సైనికుల పేర్లున్న మెనిన్ గేట్ దగ్గర రాత్రి 8కి జరిగే కార్యక్రమానికి నడిచి వెళ్లొచ్చు. గది ధర కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు.

మొదటి రోజు: బ్రస్సెల్స్‌లో దిగి ఈపర్ చేరడం, దారి సుమారు రెండు గంటలు. ఆ సాయంత్రం కోట గోడల మీద ఒక గంట నడక చాలు. ఏ కార్యక్రమమూ పెట్టకండి. అక్కడ రాత్రి 8 అంటే వేసవిలో మన గడియారంలో 11:30. ప్రయాణ బడలికతో పిల్లలు నిలబడే నిద్రపోతారు.

రెండో రోజు, ఈపర్ చుట్టూ: ఉదయం ఎసెక్స్ ఫామ్. ఊరికి దగ్గర్లోనే, కాలువ పక్కన కాంక్రీటు గదుల్లో గాయపడ్డవాళ్లకు కట్లు కట్టిన చోటు. 15 ఏళ్ల వాలెంటైన్ జో స్ట్రడ్విక్ సమాధి ఇక్కడే ఉంది. మీ పిల్లల వయసే. ఆ ఒక్క సమాధి దగ్గర ఐదు నిమిషాలు ఊరికే వదిలేయండి, ఉపన్యాసం అక్కర్లేదు. అక్కణ్నుంచి లాంగెమార్క్. జర్మన్ల సమాధుల తోట ఇది. ఓక్ చెట్ల కింద నేలకు అతుక్కుని ఉన్న రాళ్ల కింద 44,000 మందికి పైగా ఉన్నారు, వాళ్లలో సుమారు 25,000 మంది ఒకే సామూహిక సమాధిలో. దీన్ని జాబితాలోంచి తీసేయాలనిపిస్తుంది, తీయకండి. ఇది చూడకుండా మధ్యాహ్నం వెళ్లే కామన్వెల్త్ తోట టైన్ కాట్ మాత్రమే చూస్తే పిల్లలకు యుద్ధంలో ఒకవైపే చచ్చిపోయినట్టు అర్థమవుతుంది.

మధ్యాహ్నం టైన్ కాట్. కామన్వెల్త్ సమాధుల తోటల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. దాదాపు 12,000 సమాధులు, వాటిలో 8,300కు పైగా పేరు తెలియనివి. వెనక గోడ మీద జాడ తెలియని మరో 35,000 మంది పేర్లు. ఇక్కడ పిల్లలకు రాయి చదవడం నేర్పండి. పైన రెజిమెంటు ముద్ర, దాని కింద నంబరు, హోదా, పేరు, తేదీ, వయసు. మధ్యలో మత చిహ్నం. అట్టడుగున, గడ్డి దాపున, కుటుంబం రాయించుకున్న ఒక వాక్యం. దానికి ఖాళీలతో కలిపి 66 అక్షరాలే అనుమతి. తలో ఐదు రాళ్ల అడుగు వాక్యాలు రాసుకు రమ్మని నోటుపుస్తకంతో పంపండి. పావుగంట తర్వాత ఎవరూ తొందర పెట్టకపోయినా వాళ్లే మెల్లగా నడుస్తుంటారు. తోటలో ఉన్న కాంక్రీటు దిమ్మలు జర్మన్ల కాపలా గూళ్లు. మధ్యలోని పెద్ద శిలువను వాటిలో ఒకదాని మీదే కట్టారు.

మూడో రోజు: ఈపర్ నుంచి ఫ్రాన్స్‌లోకి. 45, 50 నిమిషాల్లో నెవ్ షాపెల్. లా బాసే, ఎస్తేర్ ఊళ్ల మధ్య రోడ్డు కూడలి పక్కనే భారతీయ స్మారకం. గుండ్రటి ప్రహరీ, అశోక స్తంభాన్ని తలపించే సుమారు 15 మీటర్ల స్తంభం, అటూ ఇటూ రాతి పులులు, లోపలి గోడ మీద 4,700 మందికి పైగా పేర్లు. హెర్బర్ట్ బేకర్ రూపకల్పన, 1927 అక్టోబరు 7న ఆవిష్కరించారు. కనీసం గంటన్నర కేటాయించండి. మొదటి 20 నిమిషాలు తలా కార్డు పట్టుకుని తమ పేరు వెతుక్కోవాలి. తర్వాత గుండ్రంగా నిలబడి ఒక్కొక్కరు తమ సైనికుడి పేరు, ఊరు, తేదీ పైకి చదవాలి. 40 మందికి పావుగంట పట్టదు. హిందూ, సిక్కు సైనికుల్ని దహనం చేయడం వల్ల చాలామందికి సమాధి లేదని, పేరు ఒక్కటే మిగిలిందని అప్పుడు చెప్పండి.

బస్సు ఆగే చోట జాగ్రత్త. అది వేగంగా వాహనాలు తిరిగే రోడ్డు, కుడిచేతి వాటం ట్రాఫిక్. మన పిల్లలు అలవాటుగా తప్పు వైపు చూసి అడుగేస్తారు. ఒక టీచరు ముందు దిగి రోడ్డు వైపు నిలబడాకే తలుపు తీయించండి.

అక్కణ్నుంచి అరాస్ దారిలో నోత్ర్ దామ్ ద లోరెత్. 40,000 మందికి పైగా ఫ్రెంచి సైనికుల సమాధులు, వాటి ఎదురుగా 2014లో తెరిచిన స్మృతి వలయం. ఈ ప్రాంతంలో చనిపోయిన దాదాపు 5,80,000 మంది పేర్లు దేశం, హోదా అనే తేడా లేకుండా అక్షర క్రమంలో రాశారు. శత్రువులూ మిత్రులూ ఒకే పలక మీద పక్కపక్కన ఉంటారు. సింగ్‌లు ఎందరో వరసగా కనిపిస్తారు. సమయం మిగిలితే కెనడా సైనికుల స్మారకం ఉన్న విమీ. అక్కడి సొరంగాల్లోకి వెళ్లాలంటే గైడుతోనే, ముందే బుక్ చేసుకోవాలి. రాత్రి అరాస్‌లో బస.

నాలుగో రోజు, సోమ్: లా బ్వాసెల్ దగ్గర లాక్‌నగార్ గొయ్యి, 1916 జులై 1 ఉదయం 7:28కి పేల్చిన మందుపాతర గుర్తు. చుట్టూ నడవండి, లోపలికి దిగడం నిషేధం. తర్వాత తియెప్వాల్. జాడ తెలియని 72,000 మందికి పైగా పేర్లున్న స్మారకం. దీన్ని రూపొందించిన లుట్యెన్స్‌దే ఢిల్లీ ఇండియా గేట్ కూడా. పిల్లల చేత రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెట్టించి పోలికలు వెతికించండి. ఆ తర్వాత బోమోన్ హామెల్. కందకాలు గడ్డి కప్పుకుని అలాగే ఉన్నాయి. అదే జులై 1న న్యూఫౌండ్‌లాండ్ (నేటి కెనడాలో భాగం) దళం నుంచి సుమారు 800 మంది కదిలితే, మర్నాడు హాజరు పలికింది 68 మంది. ఇక్కడ మాటలకన్నా నడక పనిచేస్తుంది. బయల్దేరిన కందకం నుంచి జర్మన్ వరస దాకా మామూలు నడకలో ఎన్ని నిమిషాలో గడియారం పట్టి చూడమనండి.

అయిదో రోజు పారిస్ వైపు. వీలుంటే కాంబ్రే దగ్గర విలేర్ గిస్లాన్ మీదుగా వెళ్లండి. 1917 చివర్లో భారతీయ అశ్వికదళం పోరాడిన ఆ చోట మన దేశం కట్టిన స్మారకాన్ని 2018 నవంబరులో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. ఈఫిల్ టవర్, షాపింగు అడుగుతారు, అడగడం సహజమే. అవన్నీ అయిదో రోజు సాయంత్రానికి, ఆరో రోజుకు తోసేయండి. మధ్యలో ఒక్కటి చొప్పించినా అక్కడితో యాత్ర చెదిరిపోతుంది.

6. మెనిన్ గేట్ దగ్గర పుష్పగుచ్ఛం

ఈపర్‌లో ప్రతి రాత్రి సరిగ్గా 8కి మెనిన్ గేట్ కింద బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే సైనిక నివాళి బాణీ వాయిస్తారు. 1928 నుంచి జరుగుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణ కాలంలోనే అక్కడ ఆగింది. గోడల మీద 54,000కు పైగా పేర్లు, వాటిలో భారతీయులవీ ఉన్నాయి. పక్కనే గట్టు మీద నాలుగు సింహాల గుర్తుతో భారత సైనికుల స్మారకం ఉంది. పగటిపూట అది చూపించి, రాత్రి గేటు దగ్గరికి రండి.

చూడటానికి టికెట్టు లేదు. పుష్పగుచ్ఛం ఉంచాలంటే మాత్రం లాస్ట్ పోస్ట్ అసోసియేషన్‌కు నెలల ముందే ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టుకోవాలి. రెండో రోజు రాత్రికి అడగండి. పూలు ఇంటి నుంచి పట్టుకెళ్లకండి. ఆరోగ్య ధ్రువీకరణ పత్రం లేని తాజా పూలను యూరప్ విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఈపర్‌లోని పూల దుకాణానికి వారం ముందే ఆర్డరివ్వండి. కార్డు మీద స్కూలు పేరు, ఒక వాక్యం, అంతే. ఆ వాక్యం తెలుగులో రాస్తే బాగుంటుంది.

సాయంత్రం 7:30కల్లా గేటు కింద ఉండండి. ఆ తర్వాత వస్తే వెనక వరసే. పుష్పగుచ్ఛం ఉంచే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ముందే ఎంపిక చేసి, హోటల్ వరండాలో ఒకసారి నడిపించండి: నడిచి వెళ్లడం, ఉంచడం, ఒక అడుగు వెనక్కి, తల వంచడం, తిరిగి రావడం. సెల్యూట్ కొట్టక్కర్లేదు. చప్పట్లు కొట్టకూడదు. ఈ సంగతి బస్సులో ఒకసారి, గేటు దగ్గర మరోసారి చెప్పండి. బ్యూగిల్ ఆగగానే చేతులు వాటంతటవే లేస్తాయి, ఒకరు మొదలుపెడితే నలభై మందీ అందుకుంటారు. ఏ స్మారకం దగ్గరా అడగకుండా దీపం, అగరొత్తి, కర్పూరం వెలిగించవద్దు.

7. ఇనుము కనిపిస్తే ముట్టుకోవద్దు

దున్నిన పొలాల్లోంచి ఇప్పటికీ పేలని గుండ్లు బయటపడుతుంటాయి. రైతులు వాటిని పొలం గట్టున, స్తంభం మొదట్లో పెడితే సైన్యం వచ్చి తీసుకెళ్తుంది. తుప్పుపట్టిన సీసాలా కనిపించే దానిలో మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు కూడా ఉండొచ్చు. పిల్లలకు చెప్పాల్సింది ఒక్కటే: కాలితో తన్నొద్దు, చేత్తో తీయొద్దు, టీచర్ని పిలవండి. విమీలో, బోమోన్ హామెల్‌లో కట్టిన కంచెలు గడ్డిని కాపాడటానికి కాదు, ఆ నేలలో ఇంకా మందుగుండు ఉంది. పొలాల మీదుగా అడ్డదారి పట్టనివ్వకండి.

8. తిండి, టాయిలెట్లు, కాళ్లు

బెల్జియం ఫ్రైస్ చూసి శాకాహారులు ఎగబడతారు. అక్కడ సంప్రదాయంగా ఎద్దు కొవ్వులో వేయిస్తారు. ప్రతి దుకాణంలోనూ నూనె ఏదో అడిగాకే కొనివ్వండి. సూపుల్లో మాంసం రసం కలుస్తుంది. హోటల్‌కు "శాకాహారం" అని రాస్తే చేప పెట్టే అవకాశం ఉంది. మాంసం, చేప, కోడి, గుడ్డు, కొవ్వు, జెలటిన్ ఏవి వద్దో విడివిడిగా రాసి, ఎంతమందికో అంకె వేయండి. ఇంటి నుంచి పులిహోర పొడి, కందిపొడి, చేగోడీలు, జంతికలు తేవచ్చు. పాలకోవా, నెయ్యి, మాంసం పచ్చళ్లు తేకూడదు. పాలు, మాంసంతో చేసినవి యూరప్‌లోకి రానివ్వరు. మధ్యాహ్నం భోజనం హోటల్లోనే పొట్లాలు కట్టించుకోండి. సోమ్ ఊళ్లలో 40 మందికి వడ్డించే హోటల్ దారిలో దొరుకుతుందనుకోవద్దు. సమాధుల మధ్య కూర్చుని తినకూడదు, బస్సు దగ్గరే తినాలి.

నెవ్ షాపెల్ లాంటి స్మారకాల దగ్గర టాయిలెట్లు ఉండవు. టైన్ కాట్, తియెప్వాల్, బోమోన్ హామెల్ సందర్శక కేంద్రాల్లోనూ మ్యూజియంలలోనూ ఉంటాయి. రోజు ప్లానులో వాటిని స్టాపులుగా రాసుకోండి. 40 మందికి నాలుగు గదులంటే 25 నిమిషాలు పోతాయి. కొన్నిచోట్ల డబ్బులు అడుగుతారు కాబట్టి ప్రతి పిల్లాడి జేబులో 50 సెంట్ల నాణేలు నాలుగైదు ఉంచండి.

మే నెలలో కూడా పొద్దున 8, 10 డిగ్రీలు ఉండి, గాలికి ఇంకా చలిగా అనిపిస్తుంది. వానకోటు తప్పనిసరి. గొడుగులు గాలికి తిరగబడతాయి, పక్కవాళ్ల కళ్లలో గుచ్చుకుంటాయి. తడవని బూట్లు, వాటిని ఇంట్లో కనీసం రెండు వారాలు తొడిగి అలవాటు చేసుకోవాలి. అక్కడి సుద్దమట్టి వానకు సబ్బులా జారుతుంది, అడుగు అరిగిన స్పోర్ట్స్ షూలు పనికిరావు. ఉబ్బసం, మూర్ఛ మందులు డాక్టరు చీటీతో సహా అసలు డబ్బాల్లోనే, చేతిసంచిలో.

9. తిరుగు ప్రయాణం ముందు రాత్రి

అత్యవసరానికి రెండు దేశాల్లోనూ నంబరు 112. పాస్‌పోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టకండి. గుంపు టీచర్లు తలా పది ఉంచుకుని, జెరాక్సులు మాత్రం వేరేవాళ్ల దగ్గర పెట్టండి. ఒకటి పోతే స్థానిక పోలీసు రిపోర్టు తీసుకుని బ్రస్సెల్స్‌లోనో పారిస్‌లోనో భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. పారిస్‌లో చివరి రాత్రి ప్రతి గదిలో సంచులు తెరిపించి చూడండి. పొలంలో ఏరిన సీసపు గుళ్లు, తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, ఆఖరికి సావనీరు దుకాణంలో కొన్న ఖాళీ తూటా అయినా సరే, విమానంలోకి రానివ్వరు. స్కానర్‌లో ఒక్క ముక్క కనబడితే 45 మంది లైను ఆగుతుంది. దొరికినవాటిలో పేలేదేమో అన్న అనుమానం ఏ కాస్త ఉన్నా ఇంకెవరూ ముట్టుకోకుండా గది ఖాళీ చేయించి 112కు ఫోన్ చేయండి.